ఊరంతటికీ ఒకటే నంబరు

ఆ రోజుల్లో దుకాణానికి వెళితే "నాయన బాగున్నాడా" అని అడిగేవారు గాని ఫోన్ నంబరు అడిగేవారు కాదు. మార్కాపురంలో ఆ అడగడమనే అలవాటును తెచ్చిపెట్టిన నలుగురైదుగురిలో నేనూ ఒకదాన్ని. (ఈ మాట గొప్పకు చెబుతున్నానో, తప్పు ఒప్పుకుంటున్నానో నాకే సరిగ్గా తెలియదు. రెండూ అనుకోండి.) ఇప్పుడు సబ్బుబిళ్ళ కొన్నా, చెప్పుల జత కొన్నా, చివరికి పిల్లాడికి పెన్సిలు కొన్నా కౌంటరు దగ్గరి అమ్మాయి తల ఎత్తకుండా "నంబర్ చెప్పండి మేడమ్" అంటుంది. మా ఆయనకు ఒళ్ళు మండుతుంది. "ఉప్పు ప్యాకెట్టుకు నా నంబరెందుకు, ఉప్పు నాకు ఫోన్ చేస్తుందా" అని గొడవ పెట్టుకుంటాడు. నాకు మాత్రం ఆ అమ్మాయి మీద కోపం రాదు. ఇరవై రెండేళ్ళ నన్ను నేనే చూసుకున్నట్టుంటుంది. నంబర్లు పోగేసుకుని నాకు లోకమంతా తెలిసిపోయిందని నేను మురిసిపోయిన రోజులూ, ఆ మురిపెం ఒక ఆటో మామ దగ్గర ఎలా దిగిపోయిందో, ఆ సంగతీ గుర్తొస్తాయి.

బి.కాం. అయిపోయి ఇంట్లో కూర్చుని సీరియళ్ళు చూస్తున్న నన్ను మా నాయన తీసుకెళ్ళి ఒక పలకల వ్యాపారి ముందు నిలబెట్టాడు. ఆయన అప్పటికే పలకల వ్యాపారం వదిలేశాడు. మార్కాపురం పలకల మీద దిద్దుకున్న పిల్లలంతా పెద్దవాళ్ళయి, వాళ్ళ పిల్లలు ఫోన్ల మీద దిద్దుకోవడం మొదలుపెట్టాక, ఆయన తన పలకల గోడౌనుకు రంగులు వేయించి, ఏసీలు పెట్టించి సూపర్ మార్కెట్టుగా మార్చాడు. ఎంత తుడిపించినా మూలల్లో పలకల దుమ్ము మాత్రం పోయేది కాదు. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేసే ఆయన అల్లుడు నెలకోసారి వచ్చి వ్యాపారం ఇప్పుడు ఎలా చేయాలో మామగారికి పాఠం చెప్పి వెళ్ళేవాడు. అలా వచ్చిన ఒకసారి అతను ఒక సాఫ్ట్‌వేరు తెచ్చి పెట్టాడు. దాని ముందు కూర్చోవడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. ఆ మనిషిని నేను.

పై అంతస్తులో ఒక అద్దాల గది, ఒక కంప్యూటరు, తిరిగే కుర్చీ. కింద కౌంటర్లలో అమ్మాయిలు జనాన్ని నంబరు అడిగి కొడతారు, ఆ నంబర్లూ వాళ్ళు కొన్న వస్తువులూ నా కంప్యూటరులోకి వస్తాయి. నేను జనాన్ని చూడను, నంబర్లను చూస్తాను. షాపులో అందరూ నన్ను "డేటా మేడమ్" అని పిలిచేవారు. మా నాయనైతే పాలకేంద్రం దగ్గర కనపడిన వాళ్ళకల్లా "మా పాప డేటా చూస్తాది" అని చెప్పుకున్నాడు. డేటా అంటే ఏమిటని ఆయన్ను ఎవరూ అడగలేదు, అడిగి ఉంటే ఏం చెప్పేవాడో నాకు ఇప్పటికీ తెలుసుకోవాలని ఉంది.

ఆ సాఫ్ట్‌వేరును మాత్రం మెచ్చుకోవాల్సిందే. ఒక ఇంట్లో కొబ్బరి నూనె ఎన్ని రోజులకు అయిపోతుందో లెక్క కట్టి, సరిగ్గా సీసా అడుగుకు వచ్చే వేళకు "మీ కొబ్బరి నూనె అయిపోయిందా? మా దగ్గర ఆఫరు ఉంది" అని మెసేజి పంపేది. ఒకరోజు పొద్దున్నే మా నాయన ఫోన్‌కు "మీ మోకాళ్ళ నూనె అయిపోవచ్చింది" అని వచ్చింది. నిజంగానే సీసాలో రెండు చుక్కలున్నాయి. నాయన ఫోను కింద పెట్టి, కిటికీ వైపు చూసి, పంచె మోకాళ్ళ మీదికి లాక్కున్నాడు. "గోడలకు చెవులుండాయని ఇన్యాను గాని, మోకాళ్ళ మీద గూడా ఎవురో కన్నేసి ఉండారే" అన్నాడు. నేను పడీ పడీ నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ తేడా నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఇక మా నంబర్ వన్ కస్టమరు సంగతి. వేలకొద్దీ నంబర్ల మధ్య ఒక నంబరు ఎప్పుడూ పైనే ఉండేది. వారంలో అన్ని రోజులూ కొనేవాళ్ళు, ఒక్కోరోజు మూడుసార్లు కొనేవాళ్ళు. నేను కూర్చున్న చోటి నుంచే ఆ ఇంటిని మనసులో కట్టేసుకున్నాను: రెండంతస్తుల మేడ, ఇరవైమంది ఉమ్మడి కుటుంబం, జుట్టుకు నల్లరంగు వేసుకునే షోకిలా బాబాయి, లావు తగ్గే టీ తాగే కోడలు, ముఖం తెల్లబడే క్రీము రాసుకునే కాలేజీ పిల్ల, షుగర్ లేని బిస్కెట్లు తినే జేజి, మంచం పట్టిన ముసలాయన ఒకరు. ఆ కోడలికి ఆ టీ గుణం ఇస్తోందో లేదో అని నేను దిగులు పడిన రోజులు కూడా ఉన్నాయి. సాఫ్ట్‌వేరు మాత్రం తికమక పడిపోయింది. కస్టమరు వయసు అన్న గడిలో ఒక నెల రెండేళ్ళు అని చూపించేది, మరుసటి నెల డెబ్భై అని చూపించేది. నేను దాన్ని కసిరి, ఇది పెద్ద కుటుంబం, నీకు తెలియదులే అనుకున్నాను.

షాపు పెట్టి ఏడాది నిండేసరికి ఓనరు వార్షికోత్సవం చేద్దామన్నాడు. షాపు ముందు షామియానా, స్టేజీ, మైకు, నంబర్ వన్ కస్టమరుకు బహుమతిగా ఒక పెద్ద గ్రైండరు. అంతవరకు బాగానే ఉంది. అక్కడ నా తెలివి ఒకటి జొరబడింది. "ఉత్తగా గ్రైండర్ ఇస్తే ఏం బాగుంటుంది సార్, వాళ్ళు ఏడాదంతా మన దగ్గర ఏమేం కొన్నారో మైకులో చదివితే, అబ్బో ఇక్కడ ఇవన్నీ దొరుకుతాయా అని జనానికి తెలుస్తుంది" అన్నాను. అల్లుడు కుర్చీలోంచి లేచి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. (నా ఉద్యోగ జీవితంలో అదే మొదటి షేక్‌హ్యాండ్. రెండోది ఇంకా రాలేదు.) పన్నెండు వస్తువుల జాబితా నేనే తయారుచేశాను. అది గట్టిగా ఉండాలని లామినేషన్ చేయించి, ఎర్ర రిబ్బను కట్టి అల్లుడి చేతికిచ్చాను. మరుసటి రోజు నుంచి మైకు కట్టిన ఆటో ఒకటి ఊళ్ళన్నీ తిరిగి, నంబర్ వన్ కుటుంబం ఏమేం కొన్నదో స్టేజీ మీద చదవబడునని చాటింది.

ఆ కుటుంబాన్ని పిలవడం కూడా నా పనే. ఆ నంబరుకు ఫోన్ చేశాను. "నమస్తే సార్, ఈ ఏడాది మా షాపులో మీరే నంబర్ వన్ కస్టమర్" అన్నాను. అవతల ఆటో ఇంజిను చప్పుడు. "ఎవురు?" అన్నాడాయన.

"మీరే సార్. మీ కుటుంబమే అందరికన్నా ఎక్కువ కొన్నది."

"మా కుటుంబం నలుగురం మా. మీ అంగట్లో నాకని నేను కొనింది పోయిన క్రిస్మస్‌కు ఒక కేకు."

"లేదు సార్, కంప్యూటర్లో ఉంది."

ఇంజిను చప్పుడు ఆగింది. తర్వాత ఆయన నిదానంగా నవ్వాడు. "కంప్యూటర్లో ఉంటే నిజమే అయ్యుంటాదిలే. ఎంతమందిమి రావచ్చు?"

"కుటుంబమంతా రండి సార్."

"కుటుంబమంతా అంటే మూడు ట్రిప్పులు పడతాది మా" అన్నాడు.

మూడు ట్రిప్పులే పట్టాయి. పుల్లలచెరువు దాటి అడవి అంచున ఉన్న ఒక ఊరి జనం, ఆడా మగా, ఒకే ఆటోలో విడతలు విడతలుగా వచ్చి షామియానా కింద కుర్చీల్లో కూర్చున్నారు. ఆటో నడిపే మనిషి సన్నగా వెదురు బద్దలా ఉన్నాడు, నల్లగా నిగనిగలాడుతున్నాడు, తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. చిన్నా పెద్దా అందరూ ఆయన్ను మామా అనే పిలుస్తున్నారు. ఆటో వెనక చెయ్యంత అంకెలతో ఒక ఫోన్ నంబరు రాసి ఉంది. మేడ మీది అద్దాల్లోంచి ఆ నంబరు చదివాను. అది నాకు కంఠతా వచ్చిన నంబరే. నా రెండంతస్తుల మేడ, షోకిలా బాబాయి, టీ తాగే కోడలు, అంతా ఒక్క క్షణంలో కూలిపోయింది. ఆ కూలిన దుమ్ములో నేను నిలబడి ఉండగానే ఒక అవ్వ మెట్లు ఎక్కి, రొప్పుతూ నా గది తలుపు తోసింది.

"పాపా, ఆ కంప్యూటర్లో నుంచి ఒకటి తీసెయ్యడానికి వీలైతాదా?" అంది.

కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. అవ్వ చెప్పిన దాంట్లో సగం నా తెలివితక్కువ గురించే అయినా ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "మా ఊర్లో ఎవురి నంబరు ఎవురికి గుర్తుంటాది? పనులకు బెంగుళూరు పోయినప్పుడు ఒక సిమ్ము, వచ్చినాక ఇంగో సిమ్ము. వాని నంబరొకటే మారదు. ఆటో ఎనక రాసుంటాది, నీళ్ళ ట్యాంకు మీద గూడా రాసుంటాది. మీ పిల్లలు అడిగితే అందరం అదే చెప్తాం. అట్ల చెప్తే ఎవురిదేందో మీకు తెలియదు గదా అని గూడా." ఈ చివరి మాట చెప్పేటప్పుడు అవ్వ నా వైపు చూడలేదు. నేను బి.కాం. చదివిన దాన్ని, వాళ్ళు పలక పట్టని వాళ్ళు. ఏడాది పాటు వాళ్ళను నేను కనిపెడుతున్నాననుకున్నాను, వాళ్ళు మాత్రం మందలో గొర్రెల్లా కలిసిపోయి హాయిగా తిరిగారు.

అవ్వ అసలు సంగతికి వచ్చింది. ఆమె భర్త ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. ఒకప్పుడు బండలాగుడు పందేల్లో ఆయన ఎద్దులకు ఎదురు లేదు. అందుకే అందరూ పందేల తాత అంటారు. "ఆపరేషన్ అయినాక ఆయనకు ఒంటేలు ఆగడం లేదు పాపా. మూన్నెల్లు గడప దాటలే. ఎవురొచ్చినా గోడ పక్కకు తిరిగి పడుకుంటాడు. ఒకరోజు ఈ ఆటోవాడే పెద్దోళ్ళు ఏసుకునే డైపర్లు పేపర్లో చుట్టి తెచ్చి నా చేతికిచ్చినాడు. ఇది ఏందని గూడా వాడు చెప్పలే, నేను అడగలే. అవి ఏసుకున్నాకనే మనిషి మళ్ళ బయట తిరగతా ఉండాడు. వచ్చే నెల పందేలకు ఆయన్ను పెద్దమనిషిగా కూర్చోమన్నారు, పొద్దు గూకేదాకా స్టేజీ మీదనే. ఒప్పుకున్నాడు. ఇప్పుడు నువ్వు అది మైకులో చదివిస్తే ఊరోళ్ళకు అర్థం గాదా? ఆపరేషన్ అయింది ఈయనొక్కనికే. ఇంగ ఆయన ఆ మంచం దిగడు. నాకు తెలుసు ఆయన సంగతి." కిటికీలోంచి చూపించింది. ముందు వరసలో తెల్లచొక్కా వేసుకుని, రెండు చేతులూ కర్ర మీద పెట్టి, ఒక పెద్దాయన నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఆ మనిషి అలా నిటారుగా కూర్చోవడానికి మూడు నెలలు పట్టిందని నాకు తెలిసిన తర్వాత ఆయన వైపు నేను మళ్ళీ చూడలేకపోయాను.

రెండేసి మెట్లు దిగుతూ స్టేజీ దగ్గరికి పరిగెత్తాను. అల్లుడు సూటు వేసుకుని, చేతిలో రిబ్బను కట్టిన జాబితా పట్టుకుని, మైకు సరిచేసుకుంటున్నాడు. "సార్, అందులో ఒక ఐటమ్ చదవొద్దు సార్" అన్నాను మెల్లగా. "ఏంటి? ఏ ఐటమ్?" అన్నాడు. మైకు ఆన్‌లో ఉంది. ఆ "ఏ ఐటమ్" అన్న మాట షామియానా అంతా తిరిగి గడియారస్తంభం దాకా పోయి ఉంటుంది. జనమంతా నా వైపు చూశారు. ఆ వస్తువు పేరు అక్కడ నేనెలా చెబుతాను? "ఏం లేదు సార్" అన్నాను. ఆ రెండు ముక్కలు కూడా మైకులో వినిపించాయి. అతను మైకును చేత్తో మూసి, "డేటాలో ఒకటి తీసేస్తే అది డేటా ఎలా అవుతుంది? ఐడియా మీదే కదా మేడమ్" అని నవ్వాడు. ఐడియా నాదే. ఆ క్షణంలో ఆ షేక్‌హ్యాండ్ తిరిగి ఇచ్చేసే వీలుంటే ఇచ్చేసేదాన్ని.

ఇక మిగిలింది మామ ఒక్కడే. ఆటో పక్కన నిలబడి గ్లాసులో టీ తాగుతున్నాడు. ఏడుపు గొంతుతో జరిగిందంతా చెప్పేశాను. ఆయన నన్ను తిట్టలేదు, కంగారు పడలేదు. "లిస్టులో ఏమేం ఉండాయో వరసగా చెప్పు పాపా" అన్నాడు. చెప్పాను. ఒక్కో వస్తువు పేరు విన్నప్పుడల్లా ఆయన కళ్ళు కుర్చీల్లో ఎవరో ఒకరి మీదికి వెళ్ళి వచ్చేవి. అన్నీ విన్నాక టీ గ్లాసు ఆటో మీద పెట్టాడు. "సరే, నువ్వు ఏడవబాక. పోయి నీళ్ళు తాగు" అని స్టేజీ వైపు నడిచాడు.

అల్లుడు ఆయనకు దండ వేసి, పక్కన నిలబెట్టుకుని, రిబ్బను విప్పాడు. పప్పులూ నూనెలూ చదివినంతసేపు అంతా చల్లగా ఉంది. తర్వాత "జుట్టుకు నల్లరంగు, ఏడాదంతా" అన్నాడు. మూడో వరసలో కాకి రెక్కలాంటి జుట్టున్న ఒకాయన తల దించుకున్నాడు. "మామా, ఈ రంగు ఎవరికి?" అని అల్లుడు సరదాగా అడిగాడు. "నాకే సార్" అని మామ తువ్వాలు తీశాడు. తల గుండులా మెరిసింది. "మీ రంగు ఏసినాకనే ఇట్లయింది" అన్నాడు. జనం గొల్లుమన్నారు. కుర్చీలో ఓనరు ఉలిక్కిపడి నా వైపు చూశాడు. మూడో వరస ఆయన తల పైకెత్తి అందరికంటే గట్టిగా నవ్వుతున్నాడు.

"లావు తగ్గే టీ" అన్నాడు అల్లుడు. "అదీ నేనే తాగినా. పోయిన సంవత్సరం నన్ను చూసుంటే మీరు గుర్తుపట్టరు" అని మామ పక్కకు తిరిగి నిలబడ్డాడు. పక్కకు తిరిగితే ఆయన స్టేజీ మీద ఉన్నట్టే లేడు. (మరుసటి రోజు మధ్యాహ్నానికి మా షాపులో ఆ టీ ఒక్క ప్యాకెట్టు మిగల్లేదు. ఆ విషయం కూడా నేను డేటాలోనే చూశాను.) ముఖం తెల్లబడే క్రీము పేరు చదివితే, "అది మాత్రం పని చెయ్యలే సార్, చూస్తానే ఉండారు గదా" అన్నాడు. తర్వాతి పేరు దగ్గర అల్లుడు గొంతు సవరించుకుని ఆగిపోయాడు. మామే జాబితాలోకి తొంగిచూసి, "ఆగినారేంది సార్? ఆడపిల్లల ప్యాడ్లు. ఇంట్లో ఇద్దరు కూతుర్లుండారు. బియ్యం తెచ్చినట్టే అవీ తెస్తా" అన్నాడు. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక చప్పట్లు మొదలై, మెల్లగా అందరూ కొట్టారు.

చివరికి అల్లుడు "పెద్దవాళ్ళ డైపర్లు" అన్నాడు. అప్పుడు నేను జనాన్ని చూడలేదు, ముందు వరసలో కర్ర మీద ఉన్న ఆ రెండు చేతుల్నే చూశాను. అవి కర్రను ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే వేళ్ళ కణుపులు తెల్లగా తేలాయి. పక్కనే అవ్వ కళ్ళు మూసుకుంది.

"అవి ఆటోకు సార్" అన్నాడు మామ.

"ఆటోకా?"

"ఆటో నడిపేటోనికి. మీ మార్కాపురం నుంచి మా ఊరికి గంట పైన దోవ. నేనా షుగరు మనిషిని. మధ్యలో ఆపితే ఎక్కినోళ్ళు తిడతారు, ఆపకపోతే సీటు తిడతాది. ఏసుకొని నెమ్మదిగా పో నాయనా అని డాక్టరే చెప్పినాడు. మోకాలు నొప్పైతే పట్టీ కడతాం, చూపు ఆనకపోతే అద్దాలు పెడతాం. ఇదీ అంతే గదా సార్, ఇందులో సిగ్గేముంది? ఎవురన్నా డ్రైవర్లుంటే తర్వాత నన్ను కలవండి, సైజు చెప్తా."

ముందుగా నవ్విన గొంతు పందేల తాతది. ఎద్దుల్ని అదిలించే గొంతు అది, షామియానా అదిరింది. ఆయన నవ్వాడు కాబట్టి ఊరంతా నవ్వింది. అందరూ నవ్వుతుండగా తాత చొక్కా చేతితో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను, నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళే అని పక్కవాళ్ళు అనుకుని ఉంటారు. మామ గ్రైండరును భుజానికెత్తుకుని, గుండు తల మీద తువ్వాలు మళ్ళీ చుట్టుకుని దిగివచ్చాడు.

సాయంత్రం ఆటో దగ్గర నేను ఆయన్ను పట్టుకున్నాను. "మామా, నీకు నిజంగా షుగరుందా?" అన్నాను. "యాడిది? టీలో మూడు చెంచాలు ఏసుకుంటా" అన్నాడు. ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషని అప్పటికే అవ్వ చెప్పి ఉంది. "మరి అన్ని అబద్ధాలు చెప్పావే?" అన్నాను. ఆయన గ్రైండరుకు తాడు కడుతూ చెప్పాడు. "ఆదివారం దేవునితో చెప్పుకుంటాలే. ఆయన దగ్గర అందరి లిస్టులూ ఉంటాయి పాపా. ఎప్పుడన్నా మైకులో చదివినాడా?"

మరి మేం పంపే మెసేజిలన్నీ ఏం చేస్తున్నావని అడిగాను. ఊరు మొత్తానికి సంబంధించినవి రోజుకు పదైనా ఆ ఒక్క ఫోన్‌లోకి వచ్చిపడేవి కదా. "మీ మెసేజీ మంచిదే మా, నాకు యాది చేస్తాది" అన్నాడు. ఫలానా వస్తువు అయిపోవచ్చిందని మెసేజి రాగానే అది ఎవరిదో ఆయనకు తెలుస్తుంది. వాళ్ళు అడగక ముందే తెచ్చి, పేపర్లో చుట్టి, వాకిట్లో అందించి, "ఎవురో ఇమ్మన్నారు" అని వెళ్ళిపోతాడు. అల్లుడు లక్షలు పోసి కొన్న ఆ సాఫ్ట్‌వేరు ఎందుకు పుట్టిందో, దాన్ని సరిగ్గా అందుకు వాడుతున్నది మా షాపులో ఎవరమూ కాదు, ఏడో తరగతితో చదువు మానేసిన ఈ మామ ఒక్కడే.

ఊరికి తిరిగి వెళ్ళేటప్పుడు పందేల తాత వెనక కూర్చోలేదు. కర్ర అవ్వకిచ్చి, ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇరుక్కుని, మామ భుజం మీద చెయ్యి వేశాడు. మామ నాయన ఆ తాత పొలంలో జీతమున్న మనిషట, అంతకు ముందు తాత ఎప్పుడూ అలా కూర్చోలేదట. మరుసటి నెల పందేలలో తాత పొద్దు గూకేదాకా స్టేజీ మీద కూర్చుని, ఒక తీర్పు విషయంలో కుర్రవాళ్ళను చెడామడా తిట్టాడని కూడా విన్నాను. మామకు మాత్రం ఆ రోజు నుంచి డైపర్ మామ అనే పేరు స్థిరపడింది. బస్టాండులో తోటి ఆటోవాళ్ళు ఏడిపించేవారు, ఎక్కే ఆడవాళ్ళు సీటు తడిమి చూసి ఎక్కేవారు. ఆయన ఒక్కరికి కూడా అసలు సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పేరు ఒక్కరోజులో పోయేది.

నేను మరుసటి వారమే ఓనరు దగ్గరికి వెళ్ళి అద్దాల గది వద్దని, కింద కౌంటరులో వేయమని అడిగాను. ఆయన వింతగా చూశాడు గాని ఒప్పుకున్నాడు. కింద కూర్చుని "నంబర్ ఇష్టముంటే చెప్పండి, లేకపోతే వద్దు" అనేదాన్ని. చాలామంది చెప్పేవారు కాదు. ఇంకొందరు నవ్వి, మామ నంబరు చెప్పేవారు. ఆ కబురు ఎలా పాకిందో గాని, ఏడాది తిరిగేసరికి పెద్దారవీడు వైపు ఊళ్ళవాళ్ళు కూడా ఆ నంబరే చెప్పడం మొదలుపెట్టారు.

ఇప్పుడు నా కాపురం గిద్దలూరులో. మొన్నామధ్య పాపిట దగ్గర మూడు తెల్లవెంట్రుకలు కనబడ్డాయి (మూడే, మీరు నమ్మాలి). మా ఆయనకు తెలియకుండా బజారుకు వెళ్ళి రంగు డబ్బా ఒకటి కొన్నాను. కౌంటరు దగ్గరి అమ్మాయి తల ఎత్తకుండా నంబర్ అంది. నా నోట అలవాటుగా పది అంకెలు వచ్చేశాయి. బయటికి వచ్చి నాలుగు అడుగులు వేశాక గాని అవి ఎవరి అంకెలో నాకు తెలియలేదు.

నెలన్నర తర్వాత, ఆ రంగు డబ్బా అడుగుకు వచ్చే వేళకు, ఒక మధ్యాహ్నం మామ వచ్చాడు. ఆయన చిన్నకూతురు ఇక్కడి ఆస్పత్రిలో నర్సు, ఆమెను చూడడానికి వచ్చి, అలాగే నన్ను పలకరించి పోదామని వచ్చానన్నాడు. ఆటో అమ్మేశాడట, నంబరు మాత్రం అదే ఉంచుకున్నాడట. మూడు చెంచాల చక్కెరతో టీ ఇచ్చాను. వానల గురించి, పోయినేడు నిద్రలోనే పోయిన పందేల తాత గురించి మాట్లాడుకున్నాం. నా తల వైపు ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. వెళ్ళేటప్పుడు సంచిలోంచి పేపర్లో చుట్టిన చిన్న పొట్లం తీసి నా చేతిలో పెట్టి, "ఎవురో ఇమ్మన్నారు పాపా" అన్నాడు. వరండాలో పేపరు చదువుతున్న మా ఆయన తల ఎత్తి, ఏమిటది అని అడిగాడు.

"ఏం లేదు సార్, మా పాత ఆటో సామాను. మీ ఇంట్లో దాచిపెట్టమన్నా" అన్నాడు మామ, చెప్పులేసుకుంటూ.